ఇంగ్వాల్డ్ గారి మూడు క్లిక్కులు

హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటే తప్ప, ఇంగ్వాల్డ్ గారు ఈ లోకంలో ఏ వస్తువునూ నమ్మరు.

పాపం, అందులో ఆయన తప్పేమీ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు నెస్‌విక్ ఫెర్రీ మీద కొలువు చేశారు. అవతలి ఒడ్డుకు వెళ్ళే కార్లు ఫెర్రీ ఎక్కగానే ఒక్కొక్క అద్దం మీదా తట్టి, "హ్యాండ్‌బ్రేకు వేశారా?" అని అడగడమే ఆయన ఉద్యోగం. రోజుకు పద్నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకు ముప్పై కార్లు. అన్నేళ్ళు అదే ప్రశ్న అడిగిన మనిషి ఒక్కసారిగా మానేయమంటే ఎలా మానేస్తాడు? ఫెర్రీ ఆయనకు సెలవిచ్చింది గానీ, ఆయన మాత్రం దానికి సెలవివ్వలేదు.

రోడ్డు మీద ఎవరి కారు ఎక్కినా సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఆయన చెయ్యి బ్రేకు మీద ఉండేది. పక్కింట్లో ఉండే తూరిద్‌కు గడ్డి కోసే యంత్రం కిందా, మట్టి మోసే తోపుడుబండి కిందా రాళ్ళు కనబడుతూ ఉండేవి. వాటికి బ్రేకులు లేవు కదా, అందుకని. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు గారి తల్లి కూర్చున్న చక్రాల కుర్చీ ఎంత తోసినా కదలలేదు. మనవడు చెమటలు కక్కాడు. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆపి, కళ్ళద్దాలు సవరించుకుని, "ఇంగ్వాల్డ్ గారూ, దయచేసి మా అమ్మను వదిలిపెట్టండి" అన్నారు.

అయితే దానికీ ఒక పద్ధతి ఉంది. బ్రేకు పిడి పైకి లాగితే క్లిక్, క్లిక్, క్లిక్ అని మూడుసార్లు వినపడాలి, అంతే. "మూడు చాలు. నాలుగోది వేశామంటే బండిని అనుమానించినట్టు" అనేవారాయన. ఈ ముక్క ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఇలాంటి మనిషి చేతికే పాత కార్ల క్లబ్బువాళ్ళు తమ షెడ్డు తాళంచెవి ఇచ్చారు. ఇవ్వక ఏం చేస్తారు, షెడ్డుకు దగ్గరగా ఉన్న ఇల్లు ఆయనదే మరి. ఒకప్పుడు చేపలు ఉప్పేసిన షెడ్డది, నీళ్ళ ఒడ్డునే ఉంటుంది. అక్టోబరు నుంచి మే దాకా పదకొండు పాత కార్లు అందులో ముసుగులు కప్పుకుని నిద్రపోతాయి. అక్కడ ఒకటే నియమం: హ్యాండ్‌బ్రేకు వేయకూడదు. గేరులో పెట్టి, చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టి వెళ్ళాలి. ఆ ఉప్పు గాలికి ఏడు నెలలు బ్రేకు బిగించి ఉంచితే లోపల తుప్పు పట్టి చక్రం అతుక్కుపోతుంది. షెడ్డులో ఏ బ్రేకునూ ముట్టుకోనని ఇంగ్వాల్డ్ గారు తన ఫెర్రీ టోపీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశారు. అప్పటినుంచీ అందులోకి వెళ్ళాలంటే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వెళ్ళేవారు. ఆయనకు అదొక ఉపవాసం.

తూరిద్ కారు కూడా అక్కడే ఉంది. ఆకుపచ్చది, ఆవిడ భర్త మాగ్నే ఇరవై రెండేళ్ళు కన్నబిడ్డలా చూసుకున్నది. మాగ్నే పోయి రెండేళ్ళయింది. ఆ ఇరవై రెండేళ్ళూ పక్క సీటులోనే కూర్చున్న మనిషి పాత బండి ఎలా నడుపుతుందని మాగ్నే తమ్ముడు ఓడ్వార్‌కు సందేహం. క్లబ్బు అధ్యక్షుడు కూడా అతనే. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక్క చలికాలం తూరిద్ చూసుకోవాలి. మే నెలలో షెడ్డు తెరిచిన రోజున బండి తన చక్రాల మీద బయటికి వస్తే ఆవిడదే. రాకపోతే ఓడ్వార్‌కు అమ్మేయాలి. తూరిద్ సరేనంది. అక్టోబరులో తనే నడిపి, షెడ్డులో పెట్టి, ముసుగు కప్పి, తలెత్తుకుని ఇంటికి వెళ్ళింది.

మే మొదటి శనివారం షెడ్డు తెరిచారు. తూరిద్ ముసుగు తీసి, చక్రాల దగ్గరి చెక్కముక్కలు పక్కకు లాగింది. ఇంగ్వాల్డ్ గారు అలవాటు కొద్దీ చేతులు వెనక్కి పెట్టుకుని అద్దంలోంచి లోపలికి తొంగిచూశారు. చూసి, అక్కడే అద్దానికి అడ్డంగా నిలబడిపోయారు. ఆవిడ రెండో పక్క నుంచి ఎక్కింది. తాళం తిప్పగానే ఇంజను పలికింది. బ్రేకు వేయలేదన్న ధీమాతో దాని వంక చూడకుండానే క్లచ్ వదిలింది. బండి వెనక కాళ్ళ మీద కూలబడ్డట్టు కుంగింది, ఇంజను ఆగిపోయింది.

ఓడ్వార్ వంగి వెనక చక్రం చూశాడు. "వదినా, హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేసినట్టున్నావు" అన్నాడు.

వేశానో లేదో తూరిద్‌కు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. కళ్ళముందు మాగ్నే ఒక్కడే కనిపిస్తున్నాడు.

"నేనే వేశాను" అన్నారు ఇంగ్వాల్డ్ గారు. "నవంబరులో. చెయ్యి ఊరుకోలేదు."

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. ఒక్కరు కూడా అనుమానించలేదు. ఓడ్వార్‌కు మాత్రం ఒళ్ళు మండింది. టోపీ మీద ప్రమాణం చేసిన మనిషి ఇంత పని చేస్తాడా అని దులిపేసి, తాళంచెవి ఇచ్చేయమన్నాడు. ఇంగ్వాల్డ్ గారు మెడలో వేలాడే తాడు తీసి ఇచ్చేశారు. బ్రేకు ఎవరు వేసినా ఒప్పందం ఒప్పందమేననీ, సాయంత్రంలోగా బండి బయటికి రావాలనీ చెప్పి ఓడ్వార్ అందరితో కాఫీకి వెళ్ళిపోయాడు.

తూరిద్ ఆయనను కడిగి పారేసింది. పదకొండు బండ్లుండగా నాదే దొరికిందా మీకు అంది. ఇరుగుపొరుగున నలభై ఏళ్ళుండి చేసిన సాయం ఇదేనా అంది. ఆయన తలొంచుకుని అంతా విని, "మిగిలిన తిట్లు తర్వాత తిడుదురుగాని. ముందు లోపల కూర్చుని బ్రేకు దించండమ్మా" అన్నారు.

ఆవిడ కూర్చుని చూసింది. పిడి నిటారుగా, గుంజలా నిలబడి ఉంది. దాని మీద చెయ్యి పడగానే ఆ చేతికే అంతా గుర్తొచ్చింది. ఆ రోజు గాలివాన. బండి నీళ్ళలోకి జారిపోతుందేమోనని భయం. రెండు చేతులతో లాగింది, లాగుతూనే ఉంది. ఏడు క్లిక్కులు.

"ఇంగ్వాల్డ్ గారూ, ఇది మూడు కాదు."

"లోపల చీకటిగా ఉందమ్మా, నాకు కనిపించలేదు" అని ఆయన జాకీ వెతకడంలో మునిగిపోయారు.

తూరిద్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇప్పుడే వెళ్ళి అందరికీ చెప్పేస్తానని లేచింది. ఆయన ఒప్పుకోలేదు. "నిజం సాయంత్రం దాకా ఆగుతుంది. దానికీ బ్రేకు వేద్దాం. ముందు చక్రం సంగతి చూడండి."

"మీరు చూడరా?"

"నేనెలా ముట్టుకుంటానమ్మా? ప్రమాణం చేశాను కదా."

ఆ ప్రమాణం తప్పారనే కదా తాళంచెవి లాక్కున్నారు. అయినా ఆయన చేతులు వెనక్కే ఉన్నాయి. మొత్తం పని తూరిదే చేయాల్సి వచ్చింది. ముందు చక్రాలకు చెక్కలు పెట్టింది. వెనక జాకీ ఎత్తింది. కుడి చక్రం చేత్తో తిప్పితే తిరిగింది, అతుక్కున్నది ఎడమదే. దాన్ని ఊడదీస్తే లోపల బోర్లించిన ఇనప గిన్నె లాంటి డ్రమ్ము కనిపించింది. తుప్పు విడగొట్టే నూనెను బ్రేకు తీగ మీద మాత్రమే కొట్టించారాయన, లోపలికి పోతే బ్రేకే పట్టదట. తర్వాత డ్రమ్ముకు చెక్కముక్క ఆనించి సుత్తితో కొట్టమన్నారు.

"బలంగా కాదు, తలుపు తట్టినట్టు. లోపలివాళ్ళు ఏడు నెలలుగా నిద్రలో ఉన్నారు. ఒకే చోట కొట్టకండి, చుట్టూ తిరగండి."

చుట్టూ తిరిగింది. డబ్, డబ్, డబ్. గంటైంది, రెండు గంటలైంది. భుజం లాగేసింది. ఇక ఓడ్వార్‌నే తీసుకుపొమ్మందామా అని కూడా అనిపించింది. ఇంగ్వాల్డ్ గారు మాత్రం కళ్ళు మూసుకుని ఆ చప్పుడే వింటున్నారు. మూడు గంటలవుతుండగా డబ్ కాస్తా ఠంగుమంది. ఆయన కళ్ళు తెరిచారు. మరో నాలుగు దెబ్బలకు లోపల ఫట్ మని ఏదో విడిపోయి, ఎర్రటి పొట్టు రాలింది. తూరిద్ అరచేత్తో నెట్టింది. డ్రమ్ము సాఫీగా తిరిగింది.

బయట బల్ల చుట్టూ అందరూ వేడి వేడి వాఫిల్ అట్లు తింటున్నారు. ఆకుపచ్చ కారు నేరుగా వాళ్ళ ముందుకు వచ్చి ఆగింది. తూరిద్ దిగింది. మోచేతుల దాకా తుప్పు.

"బ్రేకు వేసింది నేను, ఏడు క్లిక్కులు. విడిపించిందీ నేనే. ఈయన వేలు కూడా పెట్టలేదు."

ఓడ్వార్ ఆవిడ చేతుల వంక చూశాడు, బండి వంక చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఇంగ్వాల్డ్ గారి పళ్ళెంలో, వాఫిల్ పక్కన పెట్టాడు. "చేతులు కడుక్కుని రా వదినా. చల్లారిపోతోంది" అన్నాడు.

ఇంగ్వాల్డ్ గారు ఇదేమీ చూడలేదు. కారు చక్రం కింద పెట్టడానికి తగిన రాయి వెతుకుతున్నారు.

మే పదిహేడున, ఆ దేశపు జాతీయ దినోత్సవం ఊరేగింపులో, ఆకుపచ్చ కారును తూరిదే నడిపింది. పక్క సీటులో ఇంగ్వాల్డ్ గారు, తల మీద ఫెర్రీ టోపీ. బడి పిల్లల బ్యాండు రోడ్డు దాటుతుంటే బండి ఆగింది. అది బల్లపరుపుగా ఉన్న రోడ్డు. అయినా ఆయన చెయ్యి మోకాలి మీద కొట్టుకుంటోంది. తూరిద్ ఓరకంట చూసి నవ్వింది.

"వేయండి, ఇది షెడ్డు కాదుగా."

క్లిక్, క్లిక్, క్లిక్.

నాలుగోది వేయలేదు. బండిని, నడిపే మనిషిని, ఇద్దరినీ ఆయన నమ్మారు.