ఏసీ గదిలో ఓడిన జెల్

మా ల్యాబ్‌లో పనిచేసే కాక చనిపోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను జింక్ రేకులు కత్తిరిస్తున్నాను. ఆయన రూమ్‌మేట్ రెండుసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు. పొద్దున టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగిపోయారట. గుండె. నిన్న సాయంత్రం బీకర్లు కడిగి బోర్లించి వెళ్లిన మనిషి! పోవడమేమిటి? పైగా నేనన్న మాటకు ఇంకా సారీ కూడా చెప్పలేదు.

మస్కట్‌లో నేను పరిశోధన చేసే ల్యాబ్‌లో ఆయన సహాయకుడు. జగిత్యాల నుంచి వచ్చి ఇరవై ఏళ్లు సైట్లలో సెంట్రింగ్ పని చేసి, నడుం పట్టేశాక మా దగ్గర చేరారు. మేం చేసేది వంగే జింక్ బ్యాటరీ. లోపల ద్రవానికి బదులు నీటిని పట్టి ఉంచే జెల్ ఉంటుంది. అది ఎండితే బ్యాటరీ పని అయిపోయినట్టే. ఆ జెల్ కలిపేది కాకే. బుడగలొస్తాయని మహా నిదానంగా కలిపేవారు. అంతసేపూ పలకరించినా తల ఊపేవారంతే.

జెల్‌లో తేమ నిలవడానికి వేసే గ్లిసరిన్ ఓ విడతలో ఎక్కువ పడింది. పొరపాటున పడిందో, కావాలనే పోశారో నేనడగలేదు. పరీక్షించే మిషన్ మీద కరెంటు తక్కువ చూపించింది. మూడు వారాల పని నాశనం చేశారని అందరి ముందూ ఎగిరిపడ్డాను. ల్యాబ్ పుస్తకంలో ‘పనికిరాదు’ అని రాసి, ఆ జెల్‌తో చేసిన బ్యాటరీ పట్టీలన్నీ పడేశాను. కాక కోపగించుకోలేదు.

“ఇది ఏసీల కూసోని జేసే లెక్క బిడ్డా. ఎండల నిలబడేటోనికి పెట్టి సూడు,” అన్నారు.

నేను నవ్వాను. తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం, ఎండకు సైట్లలో పని ఆపేసి అందరూ నీడకు చేరే వేళకు, ఈయన బయటికి వెళ్లేవారు. అరచెయ్యి అడ్డం పెట్టి చేతి వాచీలోకి తొంగిచూసేవారు. రూమ్‌కి వెళ్లే అల్ అమెరాత్ బస్సుకు అప్పుడే తొందరా అని ఎగతాళి చేశాను.

మొన్న వాళ్ల రూమ్‌కి వెళ్తే రూమ్‌మేట్ ఆ వాచీ నా చేతిలో పెట్టాడు. “గిది మీ ల్యాబ్‌దే మేడమ్. నెల నిండినంక మీకు సూపిస్తనన్నడు.”

పాత డిజిటల్ వాచీ. లోపలి బటన్ సెల్ తీసేసి ఉంది. పట్టీ స్థానంలో నేను పడేసిన బ్యాటరీ, దాని మీద బాల్‌పెన్నుతో రోజుకో గీత. పద్దెనిమిది గీతలు. నేను భేష్ అని రాసుకున్న జెల్‌ని ఓసారి కిటికీ బయట పెడితే రెండు రోజులకే అట్టలా ఎండిపోయింది. అక్కడే మంచం మీద కూర్చుని గీతలు మళ్లీ లెక్కపెట్టాను.

ఆ బ్యాటరీ లోపల ఏం జరిగిందో తెలియాలంటే దాన్ని కోసి చూడాలి. ల్యాబ్‌లో కత్తెర తీశాను గానీ చేతులు రాలేదు. పుస్తకంలో ‘పనికిరాదు’ కొట్టేసి, వాచీ కట్టుకుని మధ్యాహ్నం ఎండలోకి నడిచాను. బయట ఒక్క మనిషి లేడు. సారీ కాకా అని పైకే అన్నాను.

ఎండ వెలుగుకు అంకెలు కనబడలేదు. అరచెయ్యి అడ్డం పెట్టి తొంగిచూశాను. ఒంటిగంటా పది. పక్కన సెకన్లు మారుతున్నాయి.