స్పృహ లేనివాళ్లు నవ్వకూడదు

మా బాబాయి పాతికేళ్లు పెళ్లి ఫొటోలు తీశాడు. స్టూడియో మూతపడ్డాక ఫైర్ స్టేషన్‌లో శిక్షణ ఫొటోలు తీసే పని దొరికింది గానీ ఆయన నోరు మాత్రం మారలేదు. కెమెరా ఎత్తితే చాలు, "కాస్త నవ్వండి!" అనేస్తాడు.

ఆ శిక్షణలో ఉత్తుత్తి ప్రమాదం ఒకటి పెడతారు. సిబ్బంది తాలూకు చుట్టపక్కాలం ఎర్రరంగు పూసుకుని, మెడలో అట్టముక్క వేలాడేసుకుని నేలమీద పడి ఉంటాం. అట్టమీద ఏది రాస్తే అదే మన రోగం. కిందటిసారి ఫొటోల్లో కాళ్లు విరిగినవాళ్లూ తలలు పగిలినవాళ్లూ హాయిగా పళ్లికిలిస్తూ పడ్డారు. పెద్ద అధికారి మండిపడ్డాడు.

"ఈసారి ఒక్క పన్ను కనబడినా వేరేవాళ్లను చూసుకుంటాను, ఫొటోగ్రాఫర్ గారూ!"

బాబాయి ముఖం మాడిపోయింది. ఆ పనంటే ఆయనకు ప్రాణం.

ఆ రోజు నా అట్టమీద "చెయ్యి విరిగింది" అని ఉంది. నా పక్కనే పడుకున్న పిన్నికి "స్పృహ లేదు". ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. మనుషుల్ని కాపాడటం నేర్చుకోవాలంటే ముందు మనుషుల్ని వేయించాలా అని నేను తిట్టుకుంటూనే ఉన్నాను. బాబాయి పెదాలు బిగించుకుని ఒక్కొక్కరినీ తీస్తూ వచ్చాడు. పెళ్లాం దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయాడు.

"ఏమోయ్, కాస్త నవ్వు," అన్నాడు గొంతు తగ్గించి.

పిన్ని నవ్వలేదు.

"అబ్బో, ఏం నటనే బాబూ!" అని మురిసిపోయాడు. "అయినా ఫొటోలో నీకంటే మీ అక్కే బాగా పడుతుందిలే."

ఆ మాటంటే పిన్ని గాఢనిద్రలోంచి లేచి మరీ తగువు పెట్టుకుంటుంది. అలాంటిది ఉలకలేదు, పలకలేదు.

బాబాయి కెమెరా నా పొట్టమీద పడేశాడు. "ఆపండి! మా ఆవిడకి నిజంగానే స్పృహ తప్పింది!"

"ఆవిడ వేషమే అదండీ," అన్నాడు స్ట్రెచర్ పట్టుకున్నాయన తాపీగా.

బాబాయి ఆ అట్ట పీకి ముక్కలు చేశాడు. అప్పుడు పరుగెత్తుకొచ్చారు. పిన్నిని స్ట్రెచర్ మీద నీడలోకి మోశారు, తడిగుడ్డలు కప్పారు. ఆమె చెయ్యి పట్టుకుని బాబాయి భోరున ఏడ్చాడు. నేనూ నా విరిగిన చెయ్యి సంగతే మరిచిపోయి కెమెరా పట్టుకుని వెంట పరుగెత్తాను.

కాసేపటికి పిన్ని కళ్లు తెరిచింది. నా చేతిలో కెమెరా కనబడింది. ఇన్నేళ్ల కాపురం ఊరికే పోతుందా, పళ్లన్నీ కనబడేలా నవ్వింది. నేను నొక్కేశాను.

అధికారి ఆ ఫొటో చాలాసేపు చూశాడు. స్ట్రెచర్ మీద నవ్వుతున్న రోగి, పక్కన ఏడుస్తున్న ఫొటోగ్రాఫరు.

"ఇంక నన్ను రావద్దంటారా?" అన్నాడు బాబాయి ముక్కు తుడుచుకుంటూ.

"రాకపోతే ఎలా? ఇకనుంచి అందరినీ నవ్వమని అడగండి," అన్నాడు అధికారి. "నవ్వనివాళ్లను మేం ముందు మోస్తాం."