మీటియర్‌కి సంబంధం మాట్లాడిన అంకుల్

మెల్‌బోర్న్‌లో ఆ రోజుల్లో ఆదివారం కొత్తిమీర దొరికేది కాదు. కొత్తిమీరేమిటి, ఏదీ దొరికేది కాదు. శనివారం మర్చిపోయిన సరుకు కోసం సోమవారం దాకా పశ్చాత్తాపపడాల్సిందే. దేవుడు ఏడో రోజు విశ్రాంతి తీసుకున్నాడని మా చర్చిలో చెప్పేవారు. కూరగాయల కొట్టు కూడా మూయించాడని మాత్రం బైబిల్లో నాకెక్కడా కనిపించలేదు.

చర్చి అయ్యాక ఏం చెయ్యాలో తోచని అలాంటి మధ్యాహ్నాల్లోనే నాకు జెట్ విమానాలతో స్నేహం కుదిరింది. ఎనభైల చివర్లో మేం నగరానికి పడమటి వైపు ఉండేవాళ్ళం. ఇప్పుడు అడుగడుక్కీ తెలుగు వినిపించే టార్నీట్‌లో అప్పుడు గాలీ, ఎండుగడ్డీ కాపురం ఉండేవి. ఇంకాస్త ముందుకు పోతే ఓ పాత ఎయిర్‌ఫీల్డు, దాని అంచున ఓ రేకుల షెడ్డు. వైమానిక దళంలో రిటైరైన కొందరు పెద్దవాళ్ళు అందులో పాత యుద్ధ విమానాలను బాగుచేసి జనానికి చూపించేవారు.

నన్ను అక్కడికి లాక్కెళ్ళింది పక్కింటి అంకుల్. ఫిజీ తెలుగాయన. తాతలు చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కినవాళ్ళు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని తలకిందులు చేశాక, హెడ్మాస్టరు కుర్చీ వదిలి కుటుంబంతో ఇక్కడికి వచ్చేసి, బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలకు టేపు అంటించే పనిలో చేరారు. గోడు వెళ్ళబోసుకునే మనిషి కాదు. ఒక్కసారి మాత్రం, "బడిలో నేను నోరు తెరిస్తే అందరూ మూసేవాళ్ళు బాబూ. ఇక్కడ మిషన్ నోరు తెరుస్తుంది, నేను మూసుకుంటా" అన్నారు.

ఆ షెడ్డులో గైడు కావాలని బోర్డు పెట్టారు. జీతం లేదు, టీ ఇస్తారు. అంకుల్ కళ్ళలో ఆ వేళ చూసిన ఆశ నా పెళ్ళిలో నా కళ్ళలో కూడా లేదని మా ఆవిడ సాక్ష్యం. నలుగురి ముందు నిలబడి మళ్ళీ పాఠం చెప్పాలి, అంతే ఆయన కోరిక. దానికో పరీక్ష ఉంది. గైడ్లందరికీ పెద్ద ఒక పాత పైలట్. షెడ్డులో జనం ముఖ్యంగా చూడొచ్చే జెట్ లాంటిదే కొరియా యుద్ధంలో నడిపినవాడు. కొత్తవాళ్ళు ఒకసారి సందర్శకులను ఆ జెట్ చుట్టూ తిప్పి చెప్పాలి. ఆయన నోరు మెదపకుండా వెనకే నడుస్తాడు. చివర్లో సరే అంటాడు, లేదా వద్దంటాడు.

నేను మెకానికల్ ఇంజనీర్ని. పంపులు తయారుచేసే కంపెనీలో పని. పంపుకీ జెట్‌కీ చుట్టరికం ఉందని అంకుల్ నమ్మకం. దూరపు చుట్టరికం ఉన్నమాట నిజమే గనక, ఆయనకు పాఠం చెప్పే పని నా మీద పడింది.

ఆ జెట్ పేరు మీటియర్, ఇంగ్లండులో తయారైంది. మొదటిసారి చూసినప్పుడు నాకు కావడి గుర్తొచ్చింది. నడుమ మనిషి, రెండు రెక్కల్లో రెండు బిందెల్లా ఇంజన్లు. అందగత్తె అనలేం. కానీ దాని అన్నలు, అంటే ముందు మోడళ్ళు, పుట్టిన కాలం తలుచుకుంటే టోపీ తీయాలనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ప్రొపెల్లర్ విమానాలు ఎంత వేగంగా పోగలవో అంత వేగమూ పోయాయి, ఆపైన గోడ. అప్పుడు ఇంగ్లండులో కొందరు, జర్మనీలో కొందరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ప్రొపెల్లరే పీకేశారు. గాలిని ముందునుంచి మింగి, నొక్కి, మంటపెట్టి, వెనకనుంచి కక్కే ఇంజను. అందులో పోసేది కిరసనాయిలు. మా అమ్మ రేషన్ షాపు లైన్లో నిలబడి తెచ్చి పప్పు ఉడికించిన దాంతోనే వీళ్ళు ఆకాశాన్ని ఉడికించారు.

జర్మన్ జెట్ అందరికంటే వేగం. ముక్కులో నాలుగు పెద్ద తుపాకులు. తరుముకొస్తే అందుకునే విమానం లేదు. కానీ మంచి లోహం కరువైన దేశం కదా, ఇంజను కొద్ది గంటలకే అరిగిపోయేది. పవరు తొందరగా పెంచితే ఆరిపోయేది. అందుకని శత్రువులు దాంతో పరుగుపందెం మానేసి, దిగే చోట కాపు కాశారు. ఇంగ్లండు మీటియర్ ఇంజను నెమ్మది, నమ్మకం. జర్మనీ వదిలిన, పైలట్ లేకుండా ఎగిరొచ్చే బాంబుల వెంటపడి కూల్చింది. రహస్యం శత్రువు చేతిలో పడుతుందని మొదట్లో దాన్ని సముద్రం దాటనివ్వలేదు. కొరియా నాటికి ఎదుటివాళ్ళ విమానాలు దీన్ని దాటిపోయాయి. ఆస్ట్రేలియా కుర్రాళ్ళు దీన్ని తక్కువ ఎత్తులో నడిపి నేలమీది లక్ష్యాలను కొట్టారు. దెబ్బలు తిని మరీ ఇంటికొచ్చేది.

ఇవన్నీ మా పెరట్లో, ఇక్కడివాళ్ళు బార్బీ అని ముద్దుగా పిలిచే బార్బెక్యూ పొయ్యి మీద మొక్కజొన్న కంకులు కాలుస్తూ చెప్పాను. అంకుల్ బుద్ధిగా విన్నారు. తర్వాత లేచి, మా ఆవిడను సందర్శకురాలిని చేసి మొదలుపెట్టారు.

"అమ్మా, ఇది ఎక్కువ దూరం తిరిగే రకం కాదు. ఇంటిపట్టున ఉంటుంది."

"అంటే కిరసనాయిలు తొందరగా అయిపోతుందని చెప్పాలి అంకుల్" అన్నాను.

"తొందరపాటు అసలే లేదు. పవర్ పెంచితే ఆలోచించుకుని కదులుతుంది."

"అది లోపం అంకుల్!"

"బాగా వేగం అందుకుంటే నడకలో కొంచెం ఒయ్యారం."

"తోక అటూ ఇటూ ఊగి తుపాకీ గురి తప్పేది!"

అప్పుడు తెలిసింది. ఫిజీలో అంకుల్ హెడ్మాస్టరే కాదు, తెలుగువాళ్ళకు సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి కూడా. నత్తి ఉన్న కుర్రాణ్ణి మితభాషి అని చెప్పి పెళ్ళి చేసిన అనుభవం ఆయనది.

"మన నోటితో లోపం చెప్పకూడదు బాబూ" అన్నారు అంకుల్. "మంచి మనం చెప్పాలి, మిగతాది కాపురం చెప్తుంది."

"మా సంబంధం మీరు చెప్పుంటే నేను ఇంకా ముందే ఒప్పుకునేదాన్ని అంకుల్" అంది మా ఆవిడ. "ఈయనకు పవర్ పెంచినా కదలిక ఉండదు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు."

పరీక్ష రోజున అంకుల్ కోటు వేసుకొచ్చారు, బడిలో వేసుకునేదట. ఓ పదిమంది సందర్శకులు. వాళ్ళ వెనక పాత పైలట్, చేతులు వెనక్కి కట్టుకుని. ఆయన వెనక నేను, కన్నతండ్రికంటే ఎక్కువ కంగారుగా.

అంకుల్ ఇంగ్లీషులో అందుకున్నారు. మొదటి మాటకే జనమంతా ఆయన వైపు తిరిగారు. ప్రొపెల్లర్ల గోడ గురించి, కిరసనాయిలు గురించి, కావడి గురించి. చేతులు చాచి తనే కావడి మోసి చూపిస్తే జనం నవ్వారు. ఇంటిపట్టున ఉండే విమానం అంటే ఇంకా నవ్వారు. ఫ్యాక్టరీలో డబ్బాల పక్కన వంగి ఉండే మనిషి జానెడు ఎత్తు పెరిగినట్టు కనిపించారు. బడిలో పిల్లలు ఎందుకు నోరు మూసేవాళ్ళో నాకర్థమైంది.

ఎర్ర స్వెట్టర్ వేసుకున్న ఒకావిడ అడిగింది: "ఒక ఇంజను ఆగిపోతే?"

అంకుల్ చిరునవ్వు నవ్వారు. "రెండోది ఉంది కదమ్మా. మంచి ఇల్లాలి లాంటిది. ఒక చేయి పడిపోయినా సంసారం లాక్కొస్తుంది. నెమ్మదస్తురాలు. భయమే లేదు."

జనం చప్పట్లు కొట్టి టీ దగ్గరికి కదిలారు. పాత పైలట్ మాత్రం కదల్లేదు. మీటియర్ ఇంజను మూతి మీద అరచేయి వేసి, గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు. అంకుల్ కోటు గుండీ సవరించుకుని ఆయన ముందు నిలబడ్డారు, రిజల్ట్ కోసం వచ్చిన విద్యార్థిలా.

"ఇంత బాగా ఇక్కడ ఎవరూ చెప్పలేదు, మేట్" అన్నాడు ఆయన. "కానీ ఒక ఇంజను ఆగితే రెండోది దీన్ని పక్కకి తిప్పి పడేస్తుంది. అలా ఒకటి ఆపి దిగడం నేర్చుకుంటూ నా రూమ్మేట్ చచ్చిపోయాడు. యుద్ధానికి పోకముందే. చంపింది శత్రువు కాదు, ఇది. ఆ ముక్క వాళ్ళకు చెప్పలేకపోతే నువ్వు నాకొద్దు."