జ్వరంతో బయలుదేరిన పోటీ

ట్రయథ్లాన్‌కు కొత్తగా సాధన మొదలుపెట్టినవాళ్లు ఏం తినాలి, ఎంతసేపు ఈదాలి అని నన్ను అడుగుతుంటారు. ఒంట్లో జ్వరముంటే పోటీ మానేయమని మాత్రం వాళ్లు అడక్కముందే చెబుతాను.

ఈత, సైకిలు, పరుగు వరసగా చేసే ఆ పోటీ కోసం ఏడాది కష్టపడ్డాను. తీరా బయలుదేరే రోజున జ్వరం తగులుకుంది. అయినా సైకిలు విప్పి సంచిలో సర్దుకుని, ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సు కోసం కూర్చున్నాను. ముసురు పట్టి ఉంది. నేను మాత్ర మింగడం పక్కనున్న ఒక పెద్దావిడ చూసింది.

"జ్వరమా బిడ్డా? గింత సామానుతోని యాడికి?"

చెప్పాను. "రేపు చెరువులో ఈతతో మొదలవుతుందమ్మా. ఈలోపు తగ్గిపోతుందిలెండి."

ఆవిడ రోడ్డు వైపు చూస్తూ అంది.

"మా తమ్ముడు గూడ గిసొంటి పోటీకే జ్వరంతోని పోయిండు. నీళ్లల్ల దిగినోడు మల్ల ఒడ్డుకు రాలే. పొద్దుగాల చాయ్ ఇచ్చింది నేనే. పోకురా అందామనుకున్న. కోపానికొస్తడని ఊకున్న."

ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. ఇంతలో నల్లగొండ బస్సు వస్తే లేచి వెళ్లిపోయింది.

విజయవాడ బస్సు కూడా వచ్చింది. నేను ఎక్కలేదు. ఆటోలో దిల్‌సుఖ్‌నగర్‌కు తిరిగి వస్తుంటే, ఏడాది కష్టం బూడిదలో పోసినట్టయిందని దారంతా కుమిలిపోయాను.

నా భార్య తలుపు తీసింది. జ్వరమని తెలిసీ వెళ్లేటప్పుడు వద్దని ఒక్క మాటా అనని మనిషి, సంచి అందుకోబోయి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.