తలుపు అంచున గీతలు

మా మేడమీద అద్దెకుండే ఐర్లాండ్ టీచరమ్మ ఆసుపత్రిలో గుండె ఆగి పోయారని పోయిన వారం తెలిసింది. నేను ఈ అరబ్బు దేశంలో, సల్వా అనే పేటలో ఇంటిపని చేస్తాను. మా యజమానురాలిని ఇక్కడి అలవాటు ప్రకారం మామా అని పిలుస్తాం. ఆమె ఆ కబురు వినగానే, "నిజంగా గుండేనా?" అని అడిగింది. టీచరమ్మను ఆ ఇల్లు ఏనాడూ పూర్తిగా నమ్మలేదు, చివరికి చావులో కూడా.

ఆవిడ తన తలుపు చట్రం అంచున సుద్దతో చిన్నచిన్న గీతలు గీసేవారు. కొన్ని అంచుకు ఇటు, కొన్ని అటు, కొన్ని రెండువైపులా. మెట్లు తుడుస్తూ చూసి మా డ్రైవర్‌కి చెప్పాను. అతనిది జగిత్యాల.

"అక్కా, దొంగలు ఇండ్లకు గిట్లనే గుర్తులు వెడ్తరు. నువ్వు దూరముండు," అన్నాడు.

దూరంగానే ఉన్నాను. ఆవిడ నవ్వినా తలెత్తేదాన్ని కాదు. ఒకరోజు ఆవిడే నా చేతికి టీ ఇచ్చి, గీతల మీద వేలు కింది నుంచి పైకి జరుపుతూ "డొరస్" అన్నారు. ఐరిష్‌లో తలుపు అని అర్థమట. పూర్వం వాళ్లు రాళ్ల అంచుల మీద ఇలాగే చెక్కేవారట. ఆ లిపి పేరు ఓగమ్.

"మెట్లెక్కినట్టు చదవాలి. తొందరపడితే జారతావు," అనేవారు.

నీళ్లను "ఇష్క" అంటారని చెప్పారు. నేను "నీళ్లు" అంటే, ఆవిడ "నీలు" అని పలికి తనే నవ్వేవారు. ఎండిన ఖర్జూరపు మట్ట ముక్క మీద ఇష్క అని ఆ గీతల్లోనే రాసుకుని గదిలో పెట్టుకున్నాను.

మామా కూతురికి జ్వరం తగ్గని రోజుల్లో వచ్చింది ముప్పు. ఏసీ బాగుచేయించడానికి పైకెళ్లిన మామా ఆ తలుపు చూసింది. కిందికొచ్చి నా గది వెతికించింది. మట్ట ముక్క దొరికింది.

"సిహర్! నా బిడ్డకి చేతబడి చేస్తున్నావా? ఖలాస్, నిన్ను పోలీసులకి అప్పగిస్తా!"

అరుపులు విని టీచరమ్మ చెప్పులైనా లేకుండా దిగొచ్చారు.

"నేర్పింది నేను. అడిగేదేదో నన్నడగండి," అని వచ్చీరాని అరబ్బీలో అన్నారు. ఆ లిపిలో రాసిన పాత రాళ్ల ఫొటోలు ఫోన్‌లో చూపించారు. "ఇవి అక్షరాలు మేడమ్. శపించాలంటే నోరు చాలు, ఇంత కష్టపడి గీయక్కర్లేదు."

మామా నవ్వలేదు. కానీ పోలీసులను పిలవలేదు. ప్రార్థన చదివిన నీళ్లు మెట్లన్నిటి మీదా చల్లించి, ఇకపై పైకెళ్లొద్దని నాకు చెప్పింది.

టీచరమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. "జ్వరంతో ఉన్న బిడ్డ తల్లి దేన్నీ నమ్మదు. నమ్మకూడదు కూడా," అన్నారు, వీధి చివర కొట్టు దగ్గర కలిసినప్పుడు. ఆ తర్వాత మా బడి అక్కడే. పాల డబ్బా చంకన పెట్టుకుని, నా అరచేతి అంచున వేలితో రాసేవారు.

ఆవిడ చెల్లెలు వచ్చి ఇల్లు ఖాళీ చేసి వెళ్లింది. టీచరమ్మ కారు మాత్రం ఇంకా సందులోనే ఉంది, దుమ్ము కప్పుకుని. నిన్న దాని అద్దం అంచున వేలితో "స్లాన్" అని రాశాను. వెనక అడుగుల చప్పుడైంది. మామా.

"ఏంటది?"

"సెలవు అని, మామా. క్షేమంగా ఉండు అని కూడా."

ఆమె చాలాసేపు ఆ గీతల వంక చూసింది. పెదాలు ఏదో ప్రార్థన చదువుకున్నాయి. చెరిపెయ్యమంటుందని ఎదురుచూశాను. అనలేదు. ఒంటి మీది నల్లటి అబాయా అంచు ఆ గీతలకి తగలకుండా దగ్గరికి లాక్కుని, పక్కనుంచి మెల్లగా నడిచి వెళ్లిపోయింది.