బస్టాండు ఎదుట మా తమ్ముడి రాయి

మా తమ్ముడు గత మంగళవారం పొద్దున్న రాజోలులో, ఇంట్లోనే చనిపోయాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా సమాధుల మీద పేర్లు చెక్కినవాడు. ఆ రాతి దుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరుగారు చెప్పారు. మీలో చాలామంది అమ్మానాన్నల పేర్లు వాడి చేతి మీదుగా వచ్చినవే. అందుకని ఈ నాలుగు మాటలు.

చెక్కే ముందు పేరును మూడుసార్లు పలికించుకునేవాడు. అక్షరం పూర్తయ్యాక దుమ్ము ఊది, కళ్ళు మూసుకుని వేలితో చదివేవాడు. "చీకట్లో కూడా తెలియాలక్కా" అనేవాడు. నాన్న పోయాక నాకు టీచరు ట్రైనింగు చెప్పించింది వాడి ఉలే.

మన కోనసీమలో తవ్వితే మట్టి, ఇంకా తవ్వితే నీళ్ళు. రాయి కావాలంటే గోదావరి దాటి రావలసిందే. అమలాపురం బస్టాండు ఎదుట కొత్త పార్కులో ఏదైనా అందంగా చేసి పెట్టమని మునిసిపాలిటీవాళ్ళు తమ్ముణ్ణి అడిగితే, నల్లరాయి ఒకటి లారీలో తెప్పించి ఎనిమిది నెలలు చెక్కాడు. మనిషెత్తు ఉంటుంది. మనిషి కాదు, పక్షి కాదు, పువ్వూ కాదు. ఒక పక్కకు వంగి, నడుమ చెయ్యి పట్టేంత రంధ్రం.

"ఎవరో రుబ్బురోల్లో పొత్రం పారేసుకున్నట్టున్నారండీ బాబూ! చూసుకోండి, మీదేమో!" అని ఒక కండక్టరు అరిచాడు. బస్టాండంతా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు.

"ఏంట్రా ఇది?" అని అడిగాను.

"ఏదీ కాదక్కా. పేర్లు చెక్కీ చెక్కీ అలిసిపోయేను. చెయ్యి పెట్టి చూడు."

నలుగురూ చూస్తారని పెట్టలేదు.

ఏడాది తిరక్కుండా ఎవరో దానికి పసుపు రాశారు. తర్వాత దీపాలు, కొబ్బరికాయలు. విగ్రహం చేసినవాడు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోకూడదని మా చర్చి సంఘ పెద్దలు అన్నారు. తమ్ముడు చర్చిలో లేచి నిలబడ్డాడు. "నేను దేవుణ్ణి చెయ్యలేదండి. మా అక్కకి తెలుసండి."

"చెప్పండి టీచరమ్మగారూ, మీ మాట చాలు మాకు. అది విగ్రహమా, కాదా?" అన్నారు పెద్దాయన.

మిషను బడిలో నా ఉద్యోగం ఆయన దయ. "ప్రార్థన చేసుకుందామండి" అని మోకరించాను. చాలాసేపు చేశాను. కళ్ళు తెరిచేసరికి తమ్ముడు లేడు.

సాయంత్రం ఇంటికొచ్చి, సాసర్లో టీ పోసుకుంటూ, "ప్రార్థన బాగా చేసేవక్కా" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తొమ్మిదేళ్ళు, బల్ల ఇచ్చే ప్రతి ఆదివారం చర్చి కిటికీ బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ పెద్దలే తమవాళ్ళ సమాధులకు పేర్లు చెక్కమని వచ్చేవారు. చెక్కేవాడు, మూడుసార్లు పలికించుకుని.

చివరి వారం ఆ బల్ల రొట్టె కావాలన్నాడు. పెద్దలకు కబురు పెట్టాను. "ముందు తప్పు ఒప్పుకోమనండి" అన్నారు. వాడు తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగాడు.

భూస్థాపన మరునాడు అమలాపురం వెళ్ళాను. రాయికి ఇప్పుడు వెండి కళ్ళు అంటించారు. రంధ్రంలో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా వెళ్ళింది. లోపల చల్లగా, నున్నగా ఉంది. ఏమీ లేదు.

పక్కన దీపం వెలిగిస్తున్నావిడ, "అలా ముట్టుకోకూడదండి, అపచారం" అంది.

"మా తమ్ముడు చెక్కేడండి దీన్ని" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "చెక్కడమేంటండీ? భూమిలోంచి వెలిసిందండి. మా అత్తగారు కళ్ళారా చూసేరు."

"ఆయ్" అన్నాను.

ఎంత తోమినా గోళ్ళలో పసుపు పోలేదు. ఆదివారం ఆ చేత్తోనే రొట్టె అందుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.