మూడేసి తీయగా మిగిలిన విస్తరి

జఫర్‌గఢ్ పక్క ఊళ్లో ఓదెమ్మ కుట్టిన విస్తరిలో చారు పోసినా కారేది కాదు. మోదుగాకులను సందు లేకుండా అతికి, సన్నటి వెదురు పుల్లలతో కుట్టేది. చదువు లేదు. లెక్కంతా నాలుగులతోనే: నాలుగు విస్తళ్లు ఒక పట్టు, నాలుగు పట్లు ఒక కట్ట.

1948 వానాకాలంలో ఊరి బయట నిజాం పోలీసుల క్యాంపు పడింది. విస్తళ్లు వెట్టికి ఇమ్మన్నారు. మనిషికొకటి చొప్పున ఎన్ని కావాలో వంటవాడు పూటపూటకూ కంచె మీదుగా ఆమె కట్టల లెక్కలోనే అరిచేవాడు. ఓదెమ్మ అన్నే ఇచ్చేది, ఒక్కటి ఎక్కువిచ్చేది కాదు. తిరగబడ్డ రైతుల సంఘం భయానికి పోలీసులు ఎప్పుడూ ముగ్గురు ముగ్గురుగానే వచ్చేవారు, పోయేవారు.

ఒకరోజు ఆమె తమ్ముడు కట్టయ్యను చేలో పట్టుకుపోయారు. అడగబోతే "మా దగ్గర లేడు, పారిపోయిండు" అన్నాడు జమేదారు. లేడన్న మనిషిని చంపేసినా అడిగే దిక్కుండదని ఊరందరికీ తెలుసు.

మూడో రోజు ఓదెమ్మ సంఘం మనిషి బాలనర్సయ్య దగ్గరికి వెళ్లింది.

"కట్టయ్య క్యాంపులనే ఉన్నడన్నా. పానంతోనే ఉన్నడు."

"చూసినవా?"

"లెక్క చూసిన. పొద్దుగాల రెండు కట్టలు, మూడు పట్లు, ఇడివి రెండు అడిగిన్రు. కలుపు."

"ఏడు."

"మూడేసి తీసెయ్యి."

"ఒకటి మిగిలింది. గవి ఏడు విస్తళ్లా ఏంది? నలభై ఆరు! జర సోయిల ఉండి మాట్లాడు."

ఓదెమ్మ మాపటి పూటకని తెచ్చిన మోపులోంచి ఒక కట్ట విప్పి ముందర పరిచింది. "పట్టుల మూడు తీస్తె?"

"ఒకటుంటది."

"కట్టల నాలుగు పట్లు. పట్టుకొకటి మిగిలి నాలుగాయె. అండ్ల మూడు తీయి."

"మల్ల ఒకటే!"

"గందుకే కట్టయినా, పట్టయినా, ఇడిదైనా మిగిలేది ఒకటే. ఊకె కలిపితె సాలు."

బాలనర్సయ్యకు నమ్మకం కుదరలేదు. మోపులోంచి నలభై ఆరు విస్తళ్లు ముందేసుకుని మూడేసి తీశాడు. చివరికి ఒకటి మిగిలింది.

"వాళ్ల పెద్ద పోలీసు అమీను ఒక్కడే వచ్చిండేమో?"

"అమీను పింగాణిల తింటడు. నిన్న ఒక కట్ట, ఒక పట్టు, రెండు. నిన్న గూడ ఒకటే మిగిలింది. కట్టయ్యను పట్టుకపోకముందు ఏ పూటా మిగల్లె. గా ఒక్కటి వానిదే."

మరునాడు మధ్యాహ్నం ఓదెమ్మ వట్టి చేతులతో క్యాంపు గేటు ముందు నిలబడింది. వెనక ఇరవై మంది ఆడవాళ్లు.

"విస్తళ్లేవీ?" అన్నాడు జమేదారు.

"తమ్ముణ్ణి సూపియ్యి."

"లేడని చెప్పిన గద!"

"మరి ముగ్గురు ముగ్గురు పోంగ మిగిలిన విస్తరి నీ అయ్యదా?"

జమేదారు ముఖం మాడింది. "ఎవడు చెప్పిండు నీకు?"

"మీరే. పూటపూటకు ఒర్రి మరీ చెప్పిన్రు."

లాఠీ లేచింది. ఓదెమ్మ కదల్లేదు. వెనక నుంచి మణెమ్మ గొంతెత్తి "ఓ కట్టయ్యా!" అని పిలిచింది. గడ్డికొట్టం లోపలి నుంచి "అక్కా!" అని బొంగురుగా బదులు వచ్చింది. ఇరవై మందీ విన్నారు. లాఠీ అక్కడే ఆగిపోయింది. ఇంతమంది విన్నాక ఇక లేడని చెప్పి చంపెయ్యడానికి వీల్లేకపోయింది.

తెల్లవారి కట్టయ్యను ఊరంతా చూస్తుండగా బండెక్కించి వరంగల్ జైలుకు పంపారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండోదాంతో అక్కను చూసి నవ్వాడు. ఓదెమ్మ ఊరి పొలిమేర దాకా బండి వెంట నడిచింది.

తిరిగి వస్తుంటే కంచె దగ్గర జమేదారు ఆపాడు. "ఈ పూట విస్తళ్లు?"

"అరచేతులున్నయి గద, అండ్ల పెట్టుకొని తినుండ్రి" అని ఆగకుండా పోయింది.